గట్టిమేళానికో దీపం

అమలాపురం,
30 మార్చి 2025, ఉగాది.

కామేశ్వరి వదినగారికి,

ఈ ఏడు ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ పడింది. చేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఆ చేదు నోట్లో ఉండగానే మీకు ఉత్తరం రాసేద్దామని కూర్చున్నాను. తీపి తిని రాస్తే మీరు నన్ను నమ్మరు.

ఫోనుండగా ఉత్తరమేమిటని మా అబ్బాయి నాగసతీష్ నవ్వుతున్నాడు. వాడికేం తెలుసు. మీరు ఫోనెత్తగానే స్పీకరు పెడతారు. నేను "బాగున్నారా" అంటే మీ వీధి చివర కిరాణా కొట్టతను "బాగున్నామండీ" అంటాడు. మన మాటలు మనిద్దరి మధ్యే ఉండాలంటే తపాలా పెట్టె ఒక్కటే దిక్కు.

మన మనవరాలు హిమజ పెళ్ళి కుదిరింది. మీ అబ్బాయి మీకు చెప్పే ఉంటాడు. కానీ నా అల్లుడన్న మాటే గానీ, ఆయన చెప్పేది వార్త కాదు, వార్తలో ముక్క. మిగతాది నేను చెబుతాను. పెళ్ళికొడుకు సూర్యప్రకాష్. హైదరాబాదులో మన పిల్ల పనిచేసే ఎలక్ట్రానిక్సు కంపెనీలోనే ఉద్యోగం. ముహూర్తం వైశాఖ బహుళంలో, గోధూళి వేళ. పెళ్ళి మా అమలాపురంలోనే. మగపెళ్ళివారికి ఫోటోల్లో కొబ్బరిచెట్లు కావాలట. ఫోటోలో పెళ్ళికూతురు పడిందా లేదా అన్నది తరవాతి సంగతి.

పెళ్ళికూతురి చేతిలో కొబ్బరిబొండాం మేనమామ ఇంటి నుంచి రావాలి కాబట్టి అది నాగసతీష్ బాధ్యత. అంటే నాది. బజారులో బొండాలు చూసి వచ్చాను. ముత్యాలు, అద్దాలు, ఇద్దరి పేర్లు, ఇంకా కాస్త చోటు మిగిలితే ఫోను నంబరు కూడా రాసేటట్టున్నారు. అందుకని నేనే చేస్తున్నాను. పసుపు రంగు వేసిన బొండాం మీద, ముందువైపు, వడియమంత సర్క్యూటు పలక. దాని మీద తామరపువ్వు ఆకారంలో ఆవగింజంతేసి దీపాలు. ఎల్ఈడీలు. ఇంటి నుంచి ఉద్యోగం చేసిన రోజుల్లో హిమజ మా ఇంట్లోనే ఉండి, ఆ పనిముట్లన్నీ ఇక్కడే వదిలి వెళ్ళింది. నాకు నేర్పి మరీ వెళ్ళింది. రిటైరైన ఫిజిక్సు టీచరు ఊరికే కూర్చోవడం ఊరికి క్షేమం కాదని దాని ఉద్దేశం.

మీరు నాలుగు రోజుల ముందే రావాలి. ముహూర్తానికి ముందు వరసలో నా పక్కన కూర్చోవాలి. ఇది పిలుపు కాదు, నిర్ణయం.

మీ అబ్బాయికి పిల్లనిచ్చిన,
సీతామహాలక్ష్మి

*

ద్రాక్షారామం,
5 ఏప్రిల్.

సీతామహాలక్ష్మి వదినగారికి కామేశ్వరి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అందులో చేదు కూడా అందింది. స్పీకరు మాట ఎత్తేరు కాబట్టి చెబుతున్నాను, మా ఊళ్ళో సిగ్నలు సరిగా ఉండదు. పైగా ఈ కాలం మనుషులెవరూ నోరు తెరిచి మాట్లాడరు, గొణుగుతారు. నా వైపు లోపమేమీ లేదు.

పెళ్ళి కబురు విని చాలా సంతోషించాను. భీమేశ్వరుడికి అభిషేకం చేయించేను. ఇక బొండాం. ఒళ్ళంతా పసుపూ పారాణీ తడితో ఉండే పిల్ల చేతిలో కరెంటు పెడతారా? మా వంశంలో పెళ్ళికూతురు సిగ్గుతో వణికింది గానీ షాకు కొట్టి వణికిన దాఖలా లేదు. అయినా బొండాం మేనమామ వారిది. నేను మాట్లాడకూడదు. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

నేను పెళ్ళికి రాలేను. కారణాలు రాస్తున్నాను. కోటిపల్లి రేవులో పంట ఎక్కి గోదావరి దాటాలంటే నాకు కళ్ళు తిరుగుతాయి. మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వవు. ఆవు సూడితో ఉంది, వైశాఖంలోనే ఈనుతుంది. ఆవకాయ జాడీలు మూడో రోజున తిరగకలపాలి, కోడళ్ళ మీద వదిలితే బూజు పట్టిస్తారు. నా ఆశీస్సులు ఇక్కణ్ణుంచే అందుతాయి. పూర్వం రుషులు హిమాలయాల్లో కూర్చుని ఆశీర్వదించలేదా?

హిమజకి పట్టుచీర మా అబ్బాయి చేత పంపిస్తాను. రంగు మీకు నచ్చకపోవచ్చు. పరవాలేదు, కట్టుకునేది మీరు కాదు.

ఉంటాను.
కామేశ్వరి

*

అమలాపురం,
11 ఏప్రిల్.

రుషితుల్యులైన వదినగారికి,

మీ కారణాలకు వరసగా జవాబులు. పంట ఎక్కనక్కర్లేదు. యానాం దగ్గర వంతెన కట్టి ఎన్నో ఏళ్ళయింది, కారు మీ గుమ్మంలో ఎక్కి మా గుమ్మంలో దిగవచ్చు. మా కల్యాణమండపానికి మెట్లు లేవు. ఆవు ఈనడానికి మీ అనుమతి అడగదు. ఆవకాయ ఈ ఏడు నాలుగు రోజులు ముందు పెట్టండి, మామిడికాయలు ఏమీ అనుకోవు.

ఇక మీరు రాయని కారణం. నేనే రాస్తాను. కోపం వస్తే ఉత్తరం చింపేయండి, కానీ చదివాక.

నిరుడు కాకినాడలో మీ మరిదిగారి మనవడు వేదవ్యాస్ పెళ్ళి. మీరు పెద్ద బామ్మగారు, ముందు వరసలో ఉన్నారు. జీలకర్ర బెల్లం ఇంకా గిన్నెలోనే ఉంది. మీ పక్కావిడ విసనకర్ర అందుకోబోతూ మోచెయ్యి తగిలించింది. గట్టిమేళమైందేమోనని మీరు అక్షింతలు వేశారు. మీరు వేశారు కదా అని వరసంతా వేసింది. మంత్రం మధ్యలో నోరు తెరిచి ఉన్న పురోహితులు సుబ్రహ్మణ్యంగారి నోట్లోకి గుప్పెడు వెళ్ళాయి. వీడియో బంధువులందరి ఫోనుల్లోకి ఎక్కింది. కొందరు దానికి పాట కూడా జోడించారు. అప్పట్నుంచి మీరు ఏ పెళ్ళికీ వెళ్ళలేదు. మొత్తం మూడు శుభలేఖలకు మూడు సార్లు మీ ఆవు సూడితో ఉంది.

అందుకే ఈ దీపాలు. బజారు బొండాల మీద దీపాలు ఎప్పుడూ మిణుకుమిణుకు మంటూనే ఉంటాయి. ఇవి అలా కాదు. సుబ్రహ్మణ్యంగారు చెయ్యి ఎత్తి గట్టిమేళం అనగానే, ఆ క్షణంలో మాత్రమే వెలుగుతాయి. ఎవరి మోచేతితోనూ పని లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి బాగా కనిపిస్తుంది.

పని ఎలా సాగుతోందో చెబుతాను, షాకు భయం పోతుంది. హిమజ పంపిన పలక మీద దీపం కూర్చునే చోటల్లా బూడిదరంగు ముద్ద చుక్క పెట్టాలి. తగరం పొడిని జిగురులో కలిపి చేసిన ముద్ద. చిన్న పట్టకారుతో దీపాన్ని తీసి దాని మీద కూర్చోబెట్టాలి. పలకని అరచేతంత పొయ్యి మీద పెడితే వేడెక్కుతుంది. కాసేపు ఏమీ జరగదు. కాస్త పొగ. ఉన్నట్టుండి బూడిద కాస్తా వెండిలా మెరుస్తుంది. ఆ క్షణంలో వంకరగా కూర్చున్న దీపం కూడా తనంతట తాను చిన్నగా కదిలి సరిగా సర్దుకుంటుంది. తలతన్యత అని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. కళ్ళారా చూసింది ఇప్పుడే. ఇందులో కరెంటు వాచీ బ్యాటరీది. అది చీమకి కూడా షాకు కొట్టదు.

రండి.

సీతామహాలక్ష్మి

*

ద్రాక్షారామం,
18 ఏప్రిల్.

శ్రీమతి సీతామహాలక్ష్మిగారికి,

ఈ ఉత్తరంలో వదిన అని రాయడం లేదు. గమనించగలరు.

నాకు చెవుడని మీకు ఎవరు చెప్పేరు? నేను చెప్పేనా? వైద్యుడు చెప్పేడా? ఒక్కసారి మోచెయ్యి తగిలి పొరపాటు జరిగితే దానికి ఇంత బొండాం చేసి, దీపాలు పెట్టి, పెళ్ళివారందరి ముందూ "ఇదిగో ఈ ముసలావిడకి వినపడదు, అందుకని వెలిగిస్తున్నాం" అని టముకు వేయిస్తారా? మా నాన్నగారు వేదం చెప్పిన ఇంట్లో పుట్టేను. ఆయన గొంతు మూడు వీధులకి వినపడేది. మా ఇంట్లో చెవులకి లోటు లేదు.

రెండోది. ఇది అడగక తప్పదు. మీ ఇంట్లో పనిచేసే పాపాయమ్మకి, ఇక్కడ గుడి దగ్గర పూలమ్మే ఆదిలక్ష్మి పినతల్లి కూతురు. అది చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మజ్జానం తలుపులేసేసుకుంటారంటండీ అమ్మగారు. కంటికి బూతద్దం తగిలించుకుని పలకమీద ఇబూది ముద్ద సుక్కలు పెడతారంట. సాంబ్రాణి వాసనతో పొగ లేస్తాదంట. అమ్మగారు వొంగి సూసి సూసి, 'పట్టుకుంది! పట్టుకుంది!' అని సప్పట్లు కొట్టేరంటండీ. ఏం పట్టుకుందో పాపాయమ్మ అడగలేదండీ, బయిమేసింది."

"నిజమేనా ఆదిలక్ష్మీ?" అన్నాను.

"ఆయ్, నిజమేనండీ. ఇంజెక్షను గొట్టం కూడా ఉందంటండీ, సూది లేకుండా."

చదువుకున్నవారు. బడిలో పిల్లలకి సైన్సు చెప్పినవారు. నా మనవరాలి పెళ్ళి పెట్టుకుని మీరు తలుపులేసుకుని ఏం పట్టిస్తున్నారో, ఎవరికి పట్టిస్తున్నారో నాకు తెలియాలి.

నేను పెళ్ళికి రావడం లేదు. ఈసారి ఆవు కారణం కాదు. మీరు.

కామేశ్వరి

*

అమలాపురం,
24 ఏప్రిల్.

వదినగారికి,

మీరు మానేసినా నేను మానలేదు. గమనించగలరు.

మీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తరవాత పాపాయమ్మని పిలిచాను. "ఏం పట్టుకుందో అడిగితే చెప్పేదాన్ని కదే" అన్నాను. "దెయ్యం పేరు సెప్పేస్తారేమోనని అడగలేదండీ" అంది. దాన్ని కూర్చోబెట్టి ఒక పలక దాని కళ్ళ ముందే చేశాను. బూడిద మెరవగానే అదే లేచి "పట్టుకుందండీ!" అని చప్పట్లు కొట్టింది. ఆ పొగ గుగ్గిలం లాంటి బంకది. అతుకు పట్టడానికి ఆ ముద్దలో కలుపుతారు. ఆ గొట్టంలో ఉన్నది ఆ ముద్దే. చల్లగా ఉండాలని హిమజ వాడిన చిన్న ఫ్రిజ్జులో పెడతాను. అందులో తినేవి ఏవీ ఉండవు, కాబట్టి ఆవకాయ గురించి కంగారు పడకండి. నేను ఇంతవరకు పట్టించింది తగరాన్ని మాత్రమే. అది కూడా సరిగా పట్టించలేదు. ఆ సంగతి చెబుతాను. నవ్వండి. మీకు ఆ హక్కుంది.

అసలు పలక మొన్న చేశాను. దీపాలు వలయంగా, రేకురేకుకీ ఒకటి. ప్రతి దీపానికీ ఒక చివర చిన్న ఆకుపచ్చ చుక్క ఉంటుంది. అది ఋణధ్రువం. పలక మీద గీత ఎటు చూపిస్తే చుక్క అటే ఉండాలి. తిరగబడితే వెలగదు. వలయం కాబట్టి గీతలు కూడా గుండ్రంగా, గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి.

నేను తూర్పు ముఖంగా పీట వేసుకుని కూర్చున్నాను. దీపం అనేసరికి చేతికి ఏ బుద్ధి పుట్టిందో, ప్రతి దీపం చుక్కనీ తూర్పుకి పెట్టాను. డెబ్భై ఏళ్ళుగా కుంది ముఖం ఎటు తిప్పుతున్నానో అటే తిప్పాను. పట్టకారు పట్టుకుని, భూతద్దం పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా. మధ్యాహ్నమంతా పట్టింది. పొయ్యి మీద పెట్టాను. మెరిసింది. చప్పట్లు కొట్టాను. బ్యాటరీ తగిలించాను.

ఉత్తరం వైపు సగం వెలిగింది. దక్షిణం వైపు సగం చీకటి. తామరపువ్వు చేయబోయి అష్టమినాటి చంద్రుణ్ణి చేశాను. ధన ఋణధ్రువాల పాఠం చెప్పి జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయురాలినైన నేను, కరెంటుకి వాస్తు చూశాను. ఈ మాట హిమజకి చెబితే ఫోనులో అరగంట నవ్వింది. నా కూతురు ఇంకా నవ్వుతూనే ఉంది. నాగసతీష్ పంచాంగం తెచ్చి, "అమ్మా, బ్యాటరీకి రాహుకాలం చూడాలా?" అని అడిగాడు.

నాదీ ఒక వీడియో ఉంది వదినగారూ. హిమజ తీయించింది. బంధువులందరి ఫోనుల్లోకి ఎక్కించమని నేనే చెప్పాను.

ఇంకోటి. నా చెయ్యి వణుకుతోంది. ఏడాదిగా. పట్టకారు కొసన దీపం నాట్యం చేస్తుంది. కాస్త వంకరగా పెట్టినా ముద్ద కరిగాక సర్దుకుంటుంది కాబట్టి నా పరువు నిలబడుతోంది. దిక్కు తప్పితే మాత్రం ఏ తలతన్యతా కాపాడదు. అయినా తిరిగి వేడి చేస్తే తిరిగి కరుగుతుంది. తీసి, తిప్పి పెట్టుకోవచ్చు. చీకటి సగమంతా అలాగే దిద్దుతున్నాను.

దీపం మీ కోసమే. అబద్ధం చెప్పను. కానీ చూసేవాళ్ళందరూ అలంకారమనే అనుకుంటారు. నిజం నాకు, హిమజకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే. "బామ్మ అక్షింతలు నా నెత్తిన పడకపోతే నాకు పెళ్ళయినట్టుండదు అమ్మమ్మా. బామ్మని తీసుకురా." నగ అడగలేదు, నట్ర అడగలేదు. తేగలనో లేదో మీరే చెప్పాలి.

సీతామహాలక్ష్మి

*

ద్రాక్షారామం,
1 మే.

వదినగారికి,

కరెంటుకి వాస్తు! ఉత్తరం చదువుతూ నవ్వేను, నవ్వుతూ పొలమారింది, పొలమారితే మా కోడలు వచ్చి నెత్తి మీద కొట్టింది, ఎందుకు నవ్వుతున్నానో చెప్పమంది. చెప్పేను. అదిప్పుడు వీధంతా చెబుతోంది. ఆదిలక్ష్మి కూడా విన్నాది. "ఎంత సదువుకున్నా ఆచారం మర్సిపోలేదండి అమ్మగారు" అని మెచ్చుకుంది. మీకు మా ఊళ్ళో మంచి పేరు వచ్చింది.

ముద్ద పెట్టి కూర్చోబెట్టడం, వేడి తగలగానే వంకరలు సర్దుకోవడం అని రాసేరే, అది జీలకర్ర బెల్లమే. మీ సైన్సువాళ్ళు ఇప్పుడు కనిపెట్టేరు గానీ మా వాళ్ళకి ఎప్పుడో తెలుసు. అయితే ఒక మాట ఒప్పుకుంటాను. దిక్కు చూసుకోకుండా కూర్చోబెట్టిన జంటలు మా ఇంట్లో కూడా రెండు ఉన్నాయి. వాళ్ళని తిరిగి కరిగించే పొయ్యి ఉంటే చెప్పండి.

వస్తాను. షరతులు రాస్తున్నాను.

కారు యానాం మీదుగానే రావాలి. నాకు, పక్కావిడకి మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉండాలి. ఆ పక్కావిడ మీరైనా సరే. మీ మోచేతుల సంగతి నాకు తెలియదు. నా ముందు వీడియోవాళ్ళు నిలబడకూడదు. కాకినాడలో ఆ అబ్బాయి నడుమే చూసేను గానీ పెళ్ళి చూడలేదు. దీపం నా కోసమని ఎవరి నోటైనా వచ్చిందా, పంక్తిలోంచి లేచిపోతాను. లడ్డూ వడ్డించేక అయినా సరే లేచిపోతాను.

నాకు వినపడుతుంది. ఇది మాత్రం మళ్ళీ రాస్తున్నాను.

కామేశ్వరి

*

అమలాపురం,
9 మే.

వదినగారికి,

షరతులన్నీ శిరసావహించాం. ఖాళీ కుర్చీలో నా సంచి కూర్చుంటుంది. దానికి మోచేతులు లేవు. వీడియోవాళ్ళ మీద నాగసతీష్‌ని కాపలా పెట్టాను.

పువ్వు పూర్తయింది. రేకులన్నీ వెలుగుతున్నాయి. బొండాం పక్కవైపు, కింది అంచున ఎర్ర బటన్ పెట్టాం. హిమజ బొండాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ బొటనవేలు బటన్ మీద ఉంచుతుంది. కుడిచేత్తో జీలకర్ర బెల్లం. సుబ్రహ్మణ్యంగారు చెయ్యి ఎత్తగానే నొక్కుతుంది. మీరు బొండాం వైపు చూస్తే చాలు. ఇంకెటూ చూడనక్కర్లేదు. అడ్డుతెర పట్టుకునేవాళ్ళకి కాస్త పైకెత్తి పట్టుకోమని చెప్పాను, బొండాం కనిపించాలి కదా.

ఇంతకంటే పకడ్బందీగా ఏ ముహూర్తమూ జరగబోదు.

సీతామహాలక్ష్మి

*

అమలాపురం,
24 మే.

వదినగారికి,

భోజనం కాగానే, ఆవు ఈనిందన్న కబురు రాగానే, కారెక్కి వెళ్ళిపోయారు. మీతో మాట్లాడాలని నేను అరిటాకు ముందు నుంచి లేచి వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. ఈసారి ఆవు నిజంగానే ఈనిందట. పెయ్యదూడా? సంతోషం. కానీ నేను అడగాల్సింది ఉంది.

ముందు ఏం జరిగిందో తేల్చి రాస్తాను. మూడు రోజులు విచారణ చేశాను.

నేను చెప్పినట్టే తెర కాస్త పైకెత్తి పట్టుకున్నారు. ఇవతల మన పిల్ల, అవతల సూర్యప్రకాష్. తెర వల్ల అతనికి పెళ్ళికూతురి మొహం కనిపించదు. కనిపించిందల్లా తెర అంచు కింద ఒళ్ళో బొండాం, ఆ బొండాం కింది అంచున ఎర్ర బటన్. సరిగ్గా ఆ క్షణంలో హిమజ చెయ్యి మార్చుకుంది, వేలు తీసింది. మంత్రం ఇంకా నడుస్తోంది. ఆ అబ్బాయి చెయ్యి చాచి బటన్ నొక్కాడు. ఎందుకు నొక్కావు నాయనా అంటే, "ఏమవుతుందో చూద్దామని అమ్మమ్మగారూ" అన్నాడు. మగవాడికి బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండలేడన్న సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఉండాలి.

పువ్వు వెలిగింది. ఎంత బాగా వెలిగిందని! గోధూళి వేళ, పసుపు బొండాం మీద. అంతే. మండపమంతా అక్షింతలు వేసేసింది. ముందు వరస, వెనక వరస, వంటవాళ్ళు, ఫోటోలవాళ్ళు. నేను కూడా వేశాను వదినగారూ. చేసిందాన్ని, దాని లోపలి తీగ తీగా తెలిసినదాన్ని, ముందువెనకలు చూడకుండా గుప్పెడు విసిరాను. అక్షింతలు ఎగరడం చూసి మేళంవాళ్ళు గట్టిమేళం అందుకున్నారు. సుబ్రహ్మణ్యంగారు రెండు చేతులూ ఊపుతూ, "ఆగండయ్యా, ఆగండి! ఇంకా లగ్నం రాలేదు!" అని గొంతు చించుకున్నారు. మేళం ఆగింది. అందరి చేతులూ ఖాళీ.

తరవాత అసలు ముహూర్తం వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తారు. మేళంవాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం లేదు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. మండపం అంతా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దపు ముహూర్తం నేను ఎక్కడా చూడలేదు. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలో ఒక్క పిడికిలి తెరుచుకుంది. మీది. అక్షింతలు పిల్ల నెత్తి మీద పడిన చప్పుడు కూడా నాకు వినిపించింది.

వీడియో వచ్చింది. అసలు లగ్నానికి అందులో పడుతున్నవి మీ అక్షింతలు ఒక్కటే. హిమజ అది చూసి చూసి, ఏడ్చి, మళ్ళీ నవ్వి, "నేను చెప్పలేదా" అంది. ఈసారి ఫోనుల్లో తిరుగుతున్న వీడియోలో నవ్వులపాలైనవాళ్ళు మూడు వందల మంది. పాట జోడించినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

నేను బొండాం వైపే చూడమని రాశాను. మీరు చూడలేదు. దీపం వెలిగినా పిడికిలి విప్పలేదు. ఎలా తెలిసింది? ఫిజిక్సుకి అందలేదు. చెప్పండి.

ఓడిపోయిన,
సీతామహాలక్ష్మి

*

ద్రాక్షారామం,
31 మే.

వదినగారికి,

పెయ్యదూడే. నుదుట తెల్లని చుక్క ఉంది. ధన ధ్రువమో ఋణ ధ్రువమో మీరు వచ్చి చెప్పాలి. జున్ను పంపేను, అందిందా?

మీరు బొండాం వైపు చూడమన్నారు. నేను సుబ్రహ్మణ్యం పెదాలు చూసేను. మీ నాగసతీష్ పుణ్యమా అని వీడియోవాళ్ళు అడ్డం లేరు. ఎదురుగా కనిపిస్తున్నాడు. దీపం వెలిగినప్పుడు అతని నోట్లో మంత్రం ఇంకా సగంలోనే ఉంది. మంత్రం పూర్తి కాకుండా అక్షింతలు వేస్తే మా నాన్నగారు ఊరుకోరు. ఆయన పోయి నలభై ఏళ్ళయినా ఊరుకోరు.

చిన్నప్పుడు నాన్నగారు అరుగు మీద మా అన్నయ్యలకి పాఠం చెప్పేవారు. నేను లోపల వత్తులు చేసుకుంటూ కిటికీలోంచి చూసేదాన్ని. ఆడపిల్లని కాబట్టి అరుగు మీదకి పిలిచేవారు కాదు. దూరం కదా, గాలికి మాట అందేది కాదు. పెదాలు అందేవి. వాళ్ళ పెదాలతో పాటు నా పెదాలూ ఆడేవి. మా పెద్దన్నయ్య తప్పు చదివితే నాన్నగారి కంటే ముందు నాకే తెలిసేది. అందుకని సుబ్రహ్మణ్యం ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఒక పాదం మింగేసేడు కూడా. లగ్నం తరుముతోందని తొందర. అతనికి చెప్పకండి, మంచివాడు.

మీ దీపం వల్ల కాలేదని మీరు ఓడిపోయిన అని సంతకం చేసేరు. తప్పు. ఆ దీపం లేకపోతే నేను కారెక్కేదాన్ని కాదు. కారెక్కకపోతే పెదాలు చూసేదాన్ని కాదు. పువ్వు మాత్రం చాలా బాగుంది. తూర్పు, పడమర అన్నీ సమానంగా వెలిగేయి.

ఇప్పుడొక సంగతి. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయికి కూడా.

నాకు కుక్కరు కూత వినపడడం లేదు. ఏడాదిన్నర అయింది. మొన్న కోడలు ఊళ్ళో లేనప్పుడు పప్పు మాడి బొగ్గయింది, పక్కింటివాళ్ళు వచ్చి చెప్పేరు. పాలవాడు గుమ్మంలో కేకలేసి కేకలేసి వెళ్ళిపోతున్నాడు. స్పీకరు పెట్టేది సిగ్నలు కోసం కాదు.

కుక్కరు కూత వేసినప్పుడు వెలిగే దీపం ఒకటి చెయ్యగలరా? చిన్నదైతే చాలు. గూట్లో పెట్టుకుంటాను. ఎవరైనా అడిగితే అలంకారమని చెబుతాను.

మీ చెయ్యి వణుకుతుందని రాసేరు. నా చెయ్యి వణకదు. లక్షవత్తుల నోముకి లక్షా నేనే చేసేను, ఒకటి లావు లేదు, ఒకటి సన్నం లేదు. కళ్ళు కూడా బాగానే ఉన్నాయి. ఆపరేషను చేయించుకుని రెండేళ్ళయింది. అందుకని బుధవారం వస్తున్నాను. కోటిపల్లి రేవులో పంట ఎక్కే వస్తాను, అటు దగ్గర. కళ్ళు తిరిగితే మూసుకుంటాను. నాలుగు రోజులు ఉంటాను. మడి వంట నేనే చేసుకుంటాను, మీరు పొయ్యి వెలిగించండి చాలు. మీ అరచేతంత పొయ్యి.

ముద్ద మీరు పెట్టండి. పట్టకారు నాకివ్వండి. చుక్క ఎటు తిప్పాలో నేను చూసుకుంటాను. మీరు మాత్రం దయచేసి తూర్పు ముఖంగా కూర్చోకండి.

మీ వదిన,
కామేశ్వరి